మా అలమరాలో మూడు అరలు

గ్రూప్స్‌కు, డీఎస్సీకి ఏం చదవాలో చెప్పే పుస్తకాలు ఇప్పుడు మన ఏజెన్సీ పిల్లల గదుల్లో బాగానే కనిపిస్తున్నాయి. సంతోషం. ఉద్యోగం రావాలి, ఇల్లు నిలబడాలి. అయితే పరీక్ష అయ్యాక ఏం చదవాలని అడిగే తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ కూడా కొందరున్నారు. వాళ్ళ కోసం, వాళ్ళకు పాఠాలు చెప్పే ఉపాధ్యాయ మిత్రుల కోసం ఈ నాలుగు మాటలు రాస్తున్నాం.

మేము నలుగురం. ఇద్దరం బడిలో పాఠాలు చెబుతాం. ఒకరు వకీలు దగ్గర గుమాస్తాగా పనిచేశారు. ఒకరికి పోడు వ్యవసాయమే జీవనం. నలుగురం కలిసి ఒక పాత ఇనుప అలమరాలో పుస్తకాలు పోగుచేశాం. దానికి మూడు అరలు. పై అరలో గురి గురించి, అంటే విల్లూ వేటా గురించి రాసినవి. నడిమి అరలో ఆత్మరక్షణ చట్టం. కింది అరలో సంప్రదాయాన్ని నిలుపుకోవాలని వాదించే రాజకీయ చింతన.

ఇది చూసిన వాళ్ళు మమ్మల్ని మూడు రకాలుగా అడిగారు. చదువుకున్న పిల్లలకు మళ్ళీ విల్లెందుకు? చట్టం చదవడానికి వకీళ్ళున్నారు కదా? సంప్రదాయవాదం అంటే పెద్దకులాల మాట కదా, మనకెందుకు? మా జవాబు ఒక్కటే. ఆయుధం ఎత్తామని మన మీద కేసులు పెట్టారు. మన దెబ్బ న్యాయమైనదో కాదో ఇతరులు తేల్చారు. మన ఆచారం ఉండాలో పోవాలో కూడా బయటివాళ్ళే రాశారు. ఎక్కడ ఎత్తాలి, ఎక్కడ ఆపాలి, పాతదానిలో ఏది ఉంచుకోవాలి అన్నది మనమే చదివి తేల్చుకుంటే తప్ప, ఆ హద్దు ఇంకొకరే గీస్తూ ఉంటారు.

పై అరలో ముందుగా ఉన్నది మనకు తెలిసిన కథే. మహాభారతం ఆదిపర్వంలోని ఏకలవ్యుడు. నిషాదరాజు హిరణ్యధన్వుడి కొడుకు. ద్రోణుడు విద్య చెప్పనంటే మట్టి బొమ్మ ముందు నేర్చుకున్నాడు, బొటనవేలు ఇచ్చాడు. ఈ కథను బడిలో గురుభక్తికి ఉదాహరణగా చెబుతారు. మేము పిల్లలకు మరో మాట కూడా గుర్తుచేస్తాం. అరిచే కుక్క నోరు బాణాలతో మూసేసిన పిల్లవాడు కుక్కను చంపలేదు. నోరు మూయడానికి ఎంత కావాలో అంతే వేశాడు. అంత నేర్పు ఉన్నవాడిని చూసే అర్జునుడికి దిగులు పట్టింది. నేర్పు అంటే బలం ఒక్కటే కాదని చెప్పడానికి ఇంతకంటే మంచి పాఠం మాకు దొరకలేదు.

దాని పక్కన రోజర్ ఆస్కమ్ రాసిన ‘టాక్సోఫిలస్’ ఉంది. 1545లో ఇంగ్లండ్‌లో వచ్చింది. విలువిద్య మీద ఇంగ్లీషులో వచ్చిన మొదటి పుస్తకం అదే. ఇద్దరు మనుషులు మాట్లాడుకుంటున్నట్టు రాశాడు. విల్లు వేయడాన్ని ఐదు పనులుగా విడదీశాడు: నిలబడటం, అంబు తొడగడం, నారి లాగడం, పట్టి ఉంచడం, వదలడం. మన తాతలు ఈ ఐదూ చేతితో చూపించారు. ఆయన మాటల్లో పెట్టాడు. గాలి గురించి ఎన్నో పుటలు రాశాడు. ఒక చలికాలం నేల మీది మంచు పొడి కదులుతుంటే చూసి గాలి ఎలా పారుతుందో తెలుసుకున్నానంటాడు. కొండ మీద ఎండుటాకు కదలికను చూసి గాలి చెప్పే మన వాళ్ళకు ఈ మాట కొత్త కాదు.

ఈ పుస్తకం మాకు నచ్చడానికి ఇంకో కారణం ఉంది. ఆస్కమ్ గొప్ప పండితుడు. తర్వాత రాణి అయిన ఎలిజబెత్‌కు చిన్నప్పుడు చదువు చెప్పినవాడు. ఆ రోజుల్లో పండితులు లాటిన్‌లో రాసేవారు. లాటిన్‌లోనో గ్రీకులోనో రాయడం తనకు సులువే అయినా, తన వాళ్ళ సంగతి తన వాళ్ళ కోసం తన వాళ్ళ భాషలోనే రాస్తున్నానని ముందుమాటలో చెప్పుకున్నాడు. కువిలో, కోయలో, గోండిలో, ఆదివాసీ ఒడియాలో ఆలోచించి తెలుగులో రాసే మనం ఈ ముందుమాటను ఒక్కసారైనా చదవాలి. మన విల్లు సంగతి మన భాషలో ఎవరు రాశారు? రాయాల్సిన పుస్తకం ఇంకా అక్కడే ఉంది.

జిమ్ కార్బెట్ రాసిన ‘జంగిల్ లోర్’ 1953లో వచ్చింది. ఆయన మనుషులను తినే పులులను వేటాడి పేరు తెచ్చుకున్నవాడు. ఈ పుస్తకంలో మాత్రం పులుల కంటే నేర్చుకున్న తీరే ఎక్కువ. నైనిటాల్ దగ్గర అడవిలో పిల్లవాడిగా ఉండేలుతో మొదలుపెట్టి, విల్లు పట్టి, ఆ తర్వాత తుపాకి దాకా ఎలా వచ్చాడో చెబుతాడు. అడుగుజాడ చూసి ఏ జంతువు ఎప్పుడు నడిచిందో, కోతి ఎందుకు అరిచిందో, పిట్ట ఎందుకు ఎగిరిందో విప్పి చెబుతాడు. ఆయన తెల్లదొరల కాలం మనిషి. ఊరివాళ్ళ మీద ప్రేమ ఉన్నా దొర చూపు కూడా ఉంది. అది గమనిస్తూనే చదవాలి.

ఆయ్‌గెన్ హెరిగెల్ అనే జర్మన్ ప్రొఫెసర్ జపాన్ విలువిద్య మీద 1948లో రాసిన చిన్న పుస్తకం ప్రపంచమంతా తిరిగింది. గురి చూడకుండా, మనసు ఖాళీ చేసుకుంటే బాణం తానే తగులుతుందన్న ధోరణి దానిది. చదవడానికి అందంగా ఉంటుంది. అయితే దాని పక్కనే జపాన్ పరిశోధకుడు యమదా షోజి రాసిన విమర్శ కూడా చదవాలి. హెరిగెల్‌కు జపాన్ భాష సరిగా రాదని, గురువు మాటలు దుబాసీ ద్వారా విన్నాడని, కీలకమైన సందర్భాల్లో ఆ దుబాసీ పక్కన లేడని ఆయన చూపించాడు. హెరిగెల్ తర్వాత నాజీ పార్టీలో కూడా చేరాడు. ఈ జంట పుస్తకాలను మేము ఉపాధ్యాయులకు మరీ మరీ చెబుతాం. మన గూడేలకు వచ్చి, దుబాసీని పెట్టుకుని నెల రోజులుండి, మన గురించి గొప్పగా రాసి వెళ్ళినవాళ్ళను ఎలా చదవాలో వీటి నుంచి నేర్చుకోవచ్చు.

లింబా రామ్ గురించి పిల్లలకు చెప్పకుండా ఈ అర దాటం. రాజస్థాన్‌లోని ఉదయపూర్ జిల్లా ఆదివాసీ. వెదురు విల్లుతో పిట్టల వేట నేర్చిన కుర్రవాడు. స్పోర్ట్స్ అథారిటీ వాళ్ళు 1987లో ఆదివాసీ ప్రాంతాల్లో విలుకాళ్ళను వెతుకుతుంటే కనిపించాడు. 1988 సియోల్, 1992 బార్సిలోనా, 1996 అట్లాంటా, మూడు ఒలింపిక్స్‌లో నిలబడ్డాడు. 1992లో బీజింగ్ ఆసియా పోటీల్లో 30 మీటర్ల గురిలో 360కి 358 సాధించి ప్రపంచ రికార్డును అందుకున్నాడు. ఆయనకు 1991లో వచ్చిన పురస్కారం పేరు అర్జున. ఏకలవ్యుడి వంశం అనుకునే మనకు ఆ పేరు వినగానే ఏమనిపిస్తుందో వేరే చెప్పక్కర్లేదు. ఒలింపిక్స్‌లో గురి దూరం 70 మీటర్లు, గురి పలక అడ్డుకొలత 122 సెంటీమీటర్లు, మధ్యలో పది మార్కుల వలయం 12.2 సెంటీమీటర్లు. వాళ్ళు కూడా నారిని మూడు వేళ్ళతో లాగుతారు. బొటనవేలు నారి మీద పెట్టరు. మన పిల్లలకు ఆ మైదానం పరాయిది కాదు.

ఈ అరలో తుపాకి పుస్తకాలు లేవేమని అడుగుతారు. మా కొండల్లో తుపాకిని పిల్లలు పుస్తకంలో చూడక్కర్లేదు, రెండు వైపులా చూశారు. 1922 ఆగస్టు 22, 23, 24 తేదీల్లో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల నుంచి తుపాకులు తీసుకుపోయిన అల్లూరి సీతారామరాజు, ఆయన వెంట నడిచిన మన గాము సోదరులూ చరిత్ర. దాన్ని చరిత్రగా చదవాలి. ఇవాళ 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేని నాటు తుపాకి ఇంట్లో ఉంటే అదొక్కటే జైలుకు దారి. అడవిపంది కోసమే పెట్టుకున్నామని చెప్పినా ఆ దారి మూసుకోదు. అందుకే పక్క అరకు వెళ్ళడం అవసరం.

నడిమి అరలో పెద్ద పుస్తకాలు లేవు. భారతీయ న్యాయ సంహిత ఒక్కటి ఉంటే చాలు. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉంది. అంతకు ముందు భారత శిక్షా స్మృతిలో 96 నుంచి 106 దాకా ఉన్న ఆత్మరక్షణ సెక్షన్లు ఇప్పుడు 34 నుంచి 44 దాకా ఉన్నాయి. పదకొండు సెక్షన్లు. రోజుకు ఒకటి చదివినా రెండు వారాలు పట్టదు.

వాటిలో ఏముందో మా వాళ్ళకు జరిగిన ఒక సంగతితో చెబుతాం. వరసకు మాకు అన్నలైన ఇద్దరు అన్నదమ్ములు. జీడితోట వాళ్ళది. ఒక మధ్యాహ్నం బయటి నుంచి నలుగురు గోనెలతో వచ్చి పిక్కలు ఏరుతున్నారు. పెద్దన్న ఆపాడు. అందులో ఒకడు కత్తి ఎత్తాడు. పెద్దన్న కర్రతో ఆ చేతి మీద కొట్టాడు, మణికట్టు విరిగింది. నలుగురూ గోనెలు అక్కడే వదిలి పారిపోయారు. చిన్నన్న ఊరుకోలేదు. గెడ్డ దాటేదాకా తరిమి, వెనక నుంచి రాయితో ఒకడి తల పగలగొట్టాడు. ఇద్దరి మీదా ఒకే కేసు. ఏళ్ళు తిరిగాక పెద్దన్నను కోర్టు వదిలేసింది. చిన్నన్నకు శిక్ష పడింది. “మా తోటలో దొంగని కొడితే నాదెలా తప్పయ్యింది?” అని ఆయన ఇప్పటికీ అడుగుతాడు.

ఆ ప్రశ్నకు జవాబు ఈ సెక్షన్లలో ఉంది. 34వ సెక్షన్ ఆత్మరక్షణలో చేసిన పని నేరం కాదంటుంది. 35వది, మన ఒంటినే కాదు, ఎదుటివాడి ఒంటినీ, మన ఆస్తినీ, ఎదుటివాడి ఆస్తినీ కాపాడవచ్చంటుంది. పక్కింటి చెల్లెలి మీద చెయ్యి పడుతుంటే అడ్డుకోవడం మన హక్కే. 40వ సెక్షన్ ప్రకారం దెబ్బ పడేదాకా ఆగక్కర్లేదు. ప్రమాదం వస్తోందన్న న్యాయమైన భయం కలిగిన క్షణం హక్కు మొదలవుతుంది, ఆ భయం ఉన్నంతసేపే ఉంటుంది. పెద్దన్న కత్తి ఎత్తినవాడిని కొట్టాడు. అప్పుడు భయం ఉంది. చిన్నన్న కొట్టేసరికి కత్తి లేదు, భయం లేదు. దొంగతనం విషయంలో ఈ హక్కు ఎప్పటిదాకా ఉంటుందో 43వ సెక్షన్ చెబుతుంది: దొంగ సొత్తుతో తప్పించుకుపోయేదాకా, లేదా అధికారుల సాయం అందేదాకా, లేదా సొత్తు తిరిగి దొరికేదాకా. గోనెలు తోటలోనే ఉన్నాయి. సొత్తు దొరికింది. గెడ్డ దాకా పరిగెత్తిన ఆ కొన్ని అడుగుల్లో రక్షణ కాస్తా పగ అయింది.

37వ సెక్షన్‌ను రెండుసార్లు చదవాలి. కాపాడుకోవడానికి ఎంత అవసరమో అంతకంటే ఎక్కువ హాని చేయకూడదు. అధికారుల సాయం కోరే వ్యవధి ఉంటే ఈ హక్కు లేదు. ఇంకొకటి, మన వైపు చాలా ముఖ్యమైనది. ప్రభుత్వ ఉద్యోగి తన హోదాలో, సద్భావంతో చేసే పని చట్టప్రకారం కొంచెం అటూ ఇటూగా ఉన్నా, చావుకో తీవ్ర గాయానికో భయం లేనప్పుడు దాని మీద ఆత్మరక్షణ హక్కు చెల్లదు. పోడు పైరు పీకడానికి వచ్చిన వాళ్ళ మీద గొడ్డలి ఎత్తితే కేసు మన మీదే నిలుస్తుంది. కానీ అదే సెక్షన్ కింద వివరణ ఉంది. వచ్చినవాడు ఉద్యోగి అని మనకు తెలిసి ఉండాలి. పై ఉత్తర్వు మీద వచ్చానంటే, ఆ అధికారం ఏమిటో చెప్పాలి, కాగితం ఉంటే అడిగినప్పుడు చూపాలి. కాబట్టి మొదట అడగాల్సింది కాగితం. ఆ తర్వాత ఎత్తాల్సింది 2006 అటవీ హక్కుల చట్టం. అందులో 4వ సెక్షన్ 5వ ఉపసెక్షన్, హక్కుల గుర్తింపు, పరిశీలన పూర్తయ్యేదాకా అడవిలో సాగు చేసుకుంటున్న గిరిజనుణ్ణి ఖాళీ చేయించకూడదంటుంది. గ్రామసభ తీర్మానం, అర్జీ రసీదు, పంట ఫోటో ఉంటే గొడ్డలి కంటే గట్టిగా పనిచేస్తాయి.

తీర్పుల్లో రెండు చదివించండి. 1968 నాటి మున్షీరామ్ కేసులో సుప్రీంకోర్టు, భూమి మీద స్థిరంగా స్వాధీనంలో ఉన్నవాళ్ళను బలవంతంగా గెంటడానికి వస్తే వాళ్ళు కాపాడుకోవచ్చంది. ముద్దాయి ఆత్మరక్షణ అని నోటితో చెప్పకపోయినా, సాక్ష్యంలో ఆ సంగతి కనబడితే కోర్టు దాన్ని పరిశీలించవచ్చని కూడా అంది. మాట రాక కోర్టులో తల వంచుకుని నిలబడే మన వాళ్ళకు ఈ రెండో మాట ఎంత విలువైనదో ఆలోచించండి. 2010 నాటి దర్శన్ సింగ్ కేసులో, దాడి జరుగుతుంటే పిరికిగా పారిపోవాలని చట్టం కోరదంటూనే, ఈ హక్కును పగ తీర్చుకోవడానికి వాడరాదంటూ సూత్రాలన్నీ ఒకచోట పేర్చింది.

అడవి జంతువు సంగతి వేరు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం 11వ సెక్షన్‌లో, మనల్నో ఇంకొకరినో కాపాడుకోవడానికి సద్భావంతో జంతువును గాయపరిచినా చంపినా నేరం కాదని ఉంది. అడ్డాకులకు వెళ్ళిన ఆడవాళ్ళ మీద ఎలుగు పడితే కొట్టడానికి భయపడక్కర్లేదు. అయితే ఆ సమయంలో మనం ఆ చట్టం ప్రకారం ఇంకో నేరం చేస్తూ ఉండకూడదు. చచ్చిన జంతువు ప్రభుత్వ సొత్తు, దాని గోరు కూడా ఇంటికి తేకూడదు. చేను చుట్టూ కరెంటు తీగ వేయడం ఇందులోకి రాదు. ఆ తీగకు పంది ఎవరో, పక్కింటి పిల్లవాడు ఎవరో తెలియదు.

ఇవన్నీ చదివినంత మాత్రాన వకీలు అక్కర్లేదని కాదు. 1987 న్యాయసేవల చట్టం ప్రకారం షెడ్యూల్డ్ తెగల వాళ్ళకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా వకీలును ఇవ్వాలి. 15100కి ఫోన్ చేస్తే దారి చెబుతారు. పోలీసులు దర్యాప్తులో రాసుకునే వాంగ్మూలం మీద ఎవరి చేతా సంతకం చేయించకూడదన్నది కూడా చట్టమే. ఈ మూడు మాటలూ గూడెంలో పదో తరగతి చదివిన ప్రతి పిల్లకూ తెలియాలి.

నడిమి అర నుంచి కింది అరకు దారి వేసిన మనిషి జైపాల్ సింగ్ ముండా. 1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో భారత హాకీ జట్టు నాయకుడు, రాజ్యాంగ సభలో ఆదివాసీల గొంతు. 1931 కరాచీ కాంగ్రెస్ తీర్మానంలో, నియమాలకు లోబడి ఆయుధం ఉంచుకునే హక్కు ఉండేది. 1948 డిసెంబర్‌లో రాజ్యాంగ సభలో హెచ్.వి. కామత్ దాన్ని ప్రాథమిక హక్కుల్లో చేర్చమన్నాడు, అంబేడ్కర్ ఒప్పుకోలేదు. ఆయుధాలు లేకుండా శాంతిగా గుమిగూడే హక్కు ఒక్కటే నిలిచింది. ఆ చర్చలోనే జైపాల్ సింగ్ లేచి, ఆదివాసీలు పండుగకు విల్లంబులతో గుంపుగా అడవికి వెళ్ళడం ఆచారమని, దాన్ని నేరంగా చూస్తే ఎలా అని అడిగాడు. ఆడవాళ్ళు మగవేషం వేసుకుని వేటకు వెళ్ళే పండుగ గురించి కూడా చెప్పాడు. చైత్రంలో ఇటుకల పండుగ చేసుకునే మా వాళ్ళకు ఆ ప్రసంగం ఇంట్లో మాటలా వినిపిస్తుంది. రాజ్యాంగ సభ చర్చలు ముద్రించి ఉన్నాయి. ఆ రోజు చర్చ మొత్తం, అంబేడ్కర్ జవాబుతో సహా చదివించండి. ఎవరిది సరైనదో పిల్లలే వాదించుకోనివ్వండి.

కింది అరలో మొదటి పుస్తకం ఎడ్మండ్ బర్క్ 1790లో ఫ్రెంచి విప్లవాన్ని విమర్శిస్తూ రాసింది. సంప్రదాయవాద చింతనకు ఇదే మూలం అంటారు. సమాజం అంటే ఇప్పుడు బతికి ఉన్నవాళ్ళ ఒప్పందం మాత్రమే కాదని, పోయినవాళ్ళూ ఇంకా పుట్టనివాళ్ళూ కూడా అందులో భాగస్తులేనని ఆయన వాదన. కొత్త పంటను ముందు పెద్దలకు పెట్టి తర్వాత తినే మనకు ఈ మాట కోసం ఇంగ్లండ్ దాకా పోనక్కర్లేదు. మనం నోటితో అనకుండా చేసేదాన్నే ఆయన రాజనీతిగా రాశాడు. ఇదే బర్క్, ఈస్టిండియా కంపెనీ గవర్నర్ వారెన్ హేస్టింగ్స్ మీద పార్లమెంటులో అభిశంసన నడిపాడు. 1788 నుంచి 1795 దాకా సాగింది. హేస్టింగ్స్ బయటపడ్డాడు. కానీ పరాయి దేశపు పాత వ్యవస్థల్ని కూడా తొక్కకూడదన్న వాదన నిలిచింది.

బర్క్‌ను ఒంటరిగా చదవకండి. ఆయన రాజులను, ప్రభువులను కూడా పాతవే కదా అని సమర్థించాడు. దానికి టామ్ పెయిన్ 1791లో జవాబు రాశాడు, చచ్చినవాళ్ళు బతికున్నవాళ్ళను ఏలకూడదని. మన దేశంలో ఆ జవాబు మరింత గట్టిగా చెప్పింది అంబేడ్కర్ 1936లో రాసిన ‘కుల నిర్మూలన’. ఎవరి సంప్రదాయం, ఎవరి వీపు మీద నిలబడింది అని ఆయన అడిగాడు. ఆ ప్రశ్న పక్కన పెట్టుకుంటేనే ఈ అర చదవాలి.

తెలుగు వాళ్ళకు ఈ చింతన దగ్గరైంది 1959లో రాజాజీ పెట్టిన స్వతంత్ర పార్టీతో. మొదటి అధ్యక్షుడు మన గుంటూరు జిల్లా నిడుబ్రోలు మనిషి ఎన్.జి. రంగా. రైతు భూమిని సహకార సేద్యంలోకి లాగవద్దని, పర్మిట్లు లైసెన్సుల పెత్తనం తగదని వాదించారు. 1967 ఎన్నికల్లో లోక్‌సభలో 44 స్థానాలు గెలిచారు. ప్రభుత్వం చెయ్యి పెరిగితే మామూలు మనిషి బతుకు చిన్నదవుతుందన్న వారి భయం, 1882 మద్రాసు అటవీ చట్టంతో అడవి పోగొట్టుకున్న మన్యానికి వెంటనే అర్థమవుతుంది. కానీ అమ్ముకునే స్వేచ్ఛే ఆస్తికి ప్రాణం అన్న మాట మన గూడెం పొలిమేర దగ్గర ఆగిపోతుంది. షెడ్యూల్డ్ ప్రాంతంలో గిరిజనేతరులకు భూమి బదిలీ కాకుండా ఆపే 1/70 కూడా ప్రభుత్వ ఆంక్షే. అది లేకపోతే ఇవాళ సంతలో మనం కూలీలుగా నిలబడి ఉండేవాళ్ళం.

వెరియర్ ఎల్విన్, జి.ఎస్. ఘుర్యే 1943లో రాసిన రెండు పుస్తకాలను కూడా జంటగా పెట్టాం. ఆదివాసీల్ని బయటి తాకిడి నుంచి కాపాడాలని ఎల్విన్, వాళ్ళు వెనకబడిన హిందువులే కాబట్టి కలిసిపోవాలని ఘుర్యే. ఇద్దరూ పండితులే. ఇద్దరూ మన గురించే రాశారు. మనల్ని అడిగి తేల్చాలని మాత్రం ఆ వాదంలో పెద్దగా కనిపించదు. ఆ లోటు తీర్చడానికి 1996 పెసా చట్టం వచ్చింది. దాని 4వ సెక్షన్, గిరిజనుల ఆచారాన్ని, మతపద్ధతుల్ని, ఉమ్మడి వనరుల పాత పద్ధతుల్ని కాదని రాష్ట్రం చట్టం చేయకూడదంటుంది. సంప్రదాయాన్ని కాపాడే సామర్థ్యం ప్రతి గ్రామసభకూ ఉందంటుంది. సంప్రదాయవాదం ఈ దేశంలో చట్టంగా నిలిచిన చోటు ఏదైనా ఉందంటే అది మన చేతిలో ఉన్న ఈ నాలుగు పుటల్లోనే.

ఇంతా చెప్పాక ఇంటర్ చదివే ఒక చెల్లెలు మమ్మల్ని అడిగింది. “పెద్దల మాట నిలుపుకోవాలి అంటున్నారు. మా పెద్దల మాటలో ఆడపిల్లకు భూమి లేదు కదా అన్నా, అది కూడా నిలుపుకోవాలా?” మూడు అరల్లోకీ ఇదే పెద్ద ప్రశ్న. 1956 హిందూ వారసత్వ చట్టం షెడ్యూల్డ్ తెగలకు వర్తించదు. అంటే ఆడపిల్ల వాటా ఆచారం చేతిలో ఉంది. 1996లో మధు కిష్వర్ కేసులో సుప్రీంకోర్టులో మెజారిటీ న్యాయమూర్తులు ఆచారాన్ని కొట్టేయలేదు. భూమి మీద బతికే ఆడవాళ్ళ జీవనోపాధికి మాత్రం రక్షణ ఇచ్చారు. 2025 జూలైలో ఛత్తీస్‌గఢ్‌కు చెందిన ఒక గోండు కుటుంబం కేసులో ఇంకో అడుగు వేసింది. ఆడపిల్లకు వాటా ఉందని ఆమె రుజువు చేయాలనడం తప్పని, లేదనే ఆచారం రుజువు కానప్పుడు సమాన వాటా ఇవ్వాల్సిందేనని చెప్పింది.

ఆ చెల్లెలికి మేము చెప్పింది ఇది. మార్పుకు దారి లేని వ్యవస్థ తనను తాను నిలుపుకోలేదని బర్కే ఒప్పుకున్నాడు. మన గోడ కూలుతుంటే ఒక రాయి తీసి ఇంకో రాయి పెడతాం, ఇల్లు మారదు. ఆడపిల్లకు వాటా గ్రామసభే ఇస్తే అది మన ఆచారమే అవుతుంది. కోర్టు ఇప్పిస్తే బయటివాళ్ళు మన ఆచారాన్ని సరిదిద్దినట్టవుతుంది. ఇటుకల పండుగ కూడా అంతే. అడవిలో వేట చట్టం ఒప్పుకోదు. పండుగను నిలుపుకుని, వేట చోట గూడేల మధ్య విల్లు పందెం పెట్టుకుంటామా అన్నది గ్రామసభే కూర్చుని మాట్లాడుకోవాలి. ఎవరో వచ్చి ఆపేదాకా ఎదురుచూడటం మంచిది కాదు.

ఉపాధ్యాయ మిత్రులకు ఒక విన్నపం. ఈ పుస్తకాలు చాలావరకు ఇంగ్లీషులో ఉన్నాయి. మొత్తం చదివించాలని చూస్తే పిల్లలు పారిపోతారు. వారానికి ఒక పుట చాలు. ఆస్కమ్ ముందుమాట ఒక వారం, 37వ సెక్షన్ ఒక వారం, పెసా 4వ సెక్షన్ ఒక వారం. చదివాక తెలుగులో చెప్పించండి, ఆ తర్వాత ఇంటి భాషలో చెప్పించండి. ‘న్యాయమైన భయం’ అన్న మాటను కువిలో ఎలా అనాలని మా పిల్లలు ఒక సాయంత్రమంతా వాదించుకున్నారు. ఆ వాదనలో వాళ్ళకు చట్టం అర్థమైనంతగా మేము పాఠం చెప్పిన రోజు అర్థం కాలేదు.

తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, మీకు చెప్పేది తక్కువే. ఎవరైనా మీ చేతికి ఆయుధం ఇస్తే, అది ఎవరి మీదికి, ఏ హక్కుతో, ఎంతదాకా అని అడగండి. ఎవరైనా మీ ఆచారం గొప్పదన్నా, పనికిరాదన్నా, ఎవరికి గొప్పది, ఎవరికి పనికిరాదు అని అడగండి. అడగడానికి ముందు ఒక పుట చదివి ఉండండి. అలమరాకు తాళం వేయడం లేదు. పుస్తకం తీసుకెళ్ళినవాళ్ళు నోటుబుక్కులో పేరు రాసి, చదివాక తిరిగి పెట్టేస్తే చాలు.